చిన్న పిల్లలకి మాటలు నేర్పాలంటే ఫ్లాష్ కార్డులు మేలా, కథ మేలా?

చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్ ఎప్పుడు జరిగినా ఒకటి, రెండు తరగతులు చూసే టీచర్లు అడిగేది ఇదే. కొత్త మాటలు రావాలంటే బొమ్మా పేరూ ఉండే ఫ్లాష్ కార్డులు పట్టుకోవాలా, కథ చదివి వినిపించాలా?

కార్డులని తీసిపారేయలేం. ఒకే టీచరున్న బడిలో ఒక తరగతికి పాఠం చెబుతుంటే ఇంకో తరగతి పిల్లలు కార్డులతో వాళ్లంతట వాళ్లే ఆడుకుంటారు. ఎవరికి ఏది వచ్చిందో చూసుకోవడమూ తేలికే. ఏనుగు, గొడుగు, పడవ లాంటి పేర్లకి కార్డు చాలు.

కానీ సముద్రం ఒడ్డున పుట్టిన పిల్లకి పడవంటే ఏమిటో కార్డు చూపించి చెప్పాలా? రెండో తరగతి పిల్లలు వాచకం చదువుతూ ఆగిపోయేది పేర్ల దగ్గర కాదు. ఎదురుచూడటం, ఒప్పుకోవడం, అలగడం, జాలిపడటం లాంటి వాటి దగ్గర. గుమ్మంలో నిలబడి దారి చూస్తున్న అమ్మ బొమ్మ చూపిస్తే పిల్లలు "అమ్మ", "తలుపు" అంటారు తప్ప ఎదురుచూడటం అనరు. నా దృష్టిలో ఏది మేలో తేలేది ఇక్కడే.

కథలో ఆ మాటకి ముందూ వెనకా ఉంటాయి. "మేకపిల్ల తల్లి కోసం ఎదురుచూసింది" అని చదివి, "ఎప్పుడొస్తుందా అని దారి వంకే చూస్తూ కూర్చుంది" అని ఒక్క ముక్క కలిపితే చాలు, కథ ఆగదు. అయ్యాక ప్రతి పిల్లా ఆ మాటతో తన సంగతి ఒకటి చెప్పాలి. మా శ్రీకాకుళం తీరంలో మగవాళ్లు చేపల వేటకి గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళతారు. ఓ పాప లేచి, "మా నాన్న వెరావల్ నుంచి ఎప్పుడొస్తాడా అని ఎదురుచూస్తన్నాను" అంది. దానికి ఇక వేరే అర్థం చెప్పక్కర్లేదు.

ఆ వాక్యం ఇంటి యాసలో వస్తే వెంటనే దిద్దకండి. నోరు మూయిస్తే రేపు ఆ పిల్ల లేచి మాట్లాడదు. 1863లో ఈ జిల్లాలోని పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి, సవర గిరిజనుల పిల్లలకి వాళ్ల సొంత భాష సవరలోనే పుస్తకాలు రాసి చదువు చెప్పించారు. మందస, మెళియాపుట్టి కొండ ఊళ్లలో ఇప్పటికీ కథ ముందు సవరలో వినిపించి, తర్వాత తెలుగులో చదవడమే మంచిది. టీచరుకి సవర రాకపోతే పై తరగతి పిల్లల సాయం తీసుకోవచ్చు.

ఇక మిగతా పద్ధతులంటారా, డిక్టేషన్ స్పెల్లింగ్‌కి పనికొస్తుంది. ఫోన్‌లో రైమ్స్ పిల్లలు హుషారుగా పాడతారు గానీ అర్థం అడిగితే చెప్పలేరు.

కథకి టైం పడుతుంది, సిలబస్ టెన్షనూ ఉంటుంది. అయినా చిన్న తరగతుల పిల్లల చదువు కోసం 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ కోరేది కూడా మూడో తరగతి అయ్యేసరికి పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలనే. వారానికి ఒకే కథ పెట్టుకోండి. అందులో మూడు మాటలు ఎంచుకోండి, అంతకు మించితే కథ చెడుతుంది. మిగతా రోజుల్లో వాటినే మళ్లీ మళ్లీ వాడండి. మధ్యాహ్నం భోజనం ఆలస్యమైతే, "అన్నం కోసం ఎదురుచూద్దామా?" అని అడగండి.