వీట్ బీరా, ఐపీఏనా, స్టౌటా: మన మంచింగ్‌కి ఏది మేలు?

శుక్రవారం సాయంత్రమైతే చాలు, బెజవాడ నుంచి హైదరాబాద్ బస్సెక్కే కుర్రాళ్ల దగ్గర్నుంచి నాకు ఒకటే మెసేజ్. "అన్నా, రేపు మైక్రోబ్రూవరీకి వెళ్తున్నాం, ఏం చెప్పమంటావ్?" మైక్రోబ్రూవరీ అంటే బీరు అక్కడే తయారుచేసి అక్కడే పోసే చోటు. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే వాళ్లు కూడా అదే అడుగుతారు, కాకపోతే "వీటా, ఐపీఏనా, ఒక్క ముక్కలో చెప్పు" అని కాస్త గదమాయిస్తారు. ఒక్క ముక్కలో అయితే వీట్, అంటే గోధుమ బీరు. ఎందుకూ అంటే మాత్రం, గ్లాసు సంగతి కాసేపు ఆపి ప్లేటు సంగతి మాట్లాడుకోవాలి.

మనం బీరు ఒక్కదాన్నే తాగం కదా. మంచింగ్ లేకుండా గ్లాసు ఎత్తే తెలుగువాణ్ణి నేనైతే ఇంతవరకూ చూడలేదు. ఆ మంచింగ్ ఏంటయ్యా అంటే చిల్లీ చికెన్, అపోలో ఫిష్, ఎర్రగా వేయించిన రొయ్యలు, ఏదీ లేకపోతే ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి నిమ్మకాయ పిండిన పల్లీలు. ఇంటర్నెట్‌లో బీర్లకి రేటింగులు ఇచ్చే దొరలేమో చప్పటి చీజ్ ముక్క నంజుకుని ఇస్తారు. గుంటూరు సన్నమో, దానికంటే ఘాటైన తేజ రకమో దట్టించిన వేపుడు పక్కన పెట్టుకుంటే ఆ లెక్కలన్నీ తారుమారైపోతాయి.

కారంలో ఉండే క్యాప్సైసిన్ నాలుక మీద వేడిని పసిగట్టే గ్రాహకాల్ని తట్టి లేపుతుంది, అందుకే ఏమీ కాలకపోయినా కాలినట్టు ఉంటుంది. ఆల్కహాల్ కూడా సరిగ్గా ఆ గ్రాహకాల్నే రెచ్చగొడుతుంది. బీరులోని గ్యాసు కార్బానిక్ యాసిడ్‌గా మారి ఇంకాస్త చురుక్కుమనిపిస్తుంది. వీటికి తోడు హాప్స్ చేదు (బీరులో చేదుకీ వాసనకీ వేసే పువ్వులు ఇవి), అసలే మండుతున్న నోటికి మరీ గరుగ్గా తగులుతుంది. "చల్లటి బీరు పడితే మంట తగ్గుతుంది బావా" అనే మాటలో నిజమెంతంటే, బీరు నోట్లో ఉన్నంతసేపే. గుక్క దిగిందో లేదో మంట మళ్లీ హాజరు. కాబట్టి మన ప్లేటుకి కావాల్సింది చేదు తక్కువ, ఆల్కహాల్ తక్కువ, కాస్త తియ్యదనం ఉన్న బీరు. నా వరకు అసలు తేల్చేది ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

ఇప్పుడు ఐపీఏ, అంటే ఇండియా పేల్ ఏల్. దీని చేదు సాధారణంగా 40 నుంచి 70 ఐబీయూ (బీరు చేదుని కొలిచే లెక్క) దాకా ఉంటుంది, ఆల్కహాల్ 6, 7 శాతం. మంచి ఐపీఏ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే మామిడిపండు, పంపరపనస, ఒక్కోసారి కోసిన పచ్చగడ్డి వాసన కూడా వస్తుంది, ఇదంతా హాప్స్ మహిమ. మనం డబ్బులు పెట్టేదే ఆ వాసన కోసం. చిల్లీ చికెన్ ముక్క ఒకటి నమిలి తాగి చూడండి, ఆ మామిడి ఎటు పోయిందో తెలియదు, చేదూ మంటా రెండే మిగులుతాయి. పేరులో ఇండియా ఉందని మన తిండికి నప్పుతుందనుకోవద్దు, పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఓడల్లో ఇక్కడికి వచ్చింది ఇక్కడి దొరలు తాగడానికే, మన రొయ్యల వేపుడు ఎవరి దృష్టిలోనూ లేదు. అయితే దీన్ని తీసిపారెయ్యలేను. ఉత్తినే తాగినా, వేయించిన జీడిపప్పుతోనో ఉప్పు పల్లీలతోనో తాగినా మూడింటిలో ఎక్కువ వినోదం ఇదే ఇస్తుంది.

వీట్‌లో రెండు రకాలు పెడతారు. జర్మన్ పద్ధతి హెఫెవైజన్ పైకి గంజినీళ్లలా మసకగా ఉంటుంది గానీ, వాసన చూస్తే బాగా మాగిన చక్కరకేళి, దాని వెనకే సన్నగా లవంగం. అందులో అరటిపండూ వెయ్యరు, లవంగమూ వెయ్యరు, రెండూ ఈస్ట్ పుట్టించే వాసనలే. నాతో వచ్చిన మా తమ్ముడు మొదటి గుక్కకే "ఇది బీరా, అరటిపండు జ్యూసా?" అని మొహం అదోలా పెట్టాడు. ప్లేటు వచ్చాక మాట్లాడలేదు, రొయ్య నోట్లో వేసుకోవడం, గుక్క వెయ్యడం, మళ్లీ రొయ్య. రెండోది బెల్జియన్ పద్ధతి విట్, ఇందులో మాత్రం ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు. ధనియాలు మన మసాలాల్లో ఎలాగూ ఉంటాయి కాబట్టి చికెన్ ఫ్రైతో ఇది ఇట్టే కలిసిపోతుంది. రెండింటిలోనూ చేదు 20 ఐబీయూ లోపే, ఆల్కహాల్ 5 శాతం అటూ ఇటూ. ఒక్క లోపముంది, వీట్‌లో గ్యాసు ఎక్కువ. గ్లాసు రాగానే ఎత్తెయ్యకుండా నురగ కాస్త దిగనివ్వండి, గ్లాసుని మెల్లగా తిప్పండి, ఆ చురుకు చాలావరకు పోతుంది.

స్టౌట్ అంటే మనవాళ్లకి లేనిపోని భయం. నల్లగా ఉంది కాబట్టి బాగా ఎక్కేస్తుందని. ఆ నలుపు మాడేదాకా వేయించిన బార్లీది, కిక్కుకీ దానికీ సంబంధం లేదు. గిన్నిస్ డ్రాఫ్ట్‌లో ఆల్కహాల్ 4.2 శాతమే, మన షాపుల్లో దొరికే స్ట్రాంగ్ సీసాలు 8 దాకా వెళ్తాయి. కొన్నిచోట్ల స్టౌట్‌ని నైట్రోజన్‌తో పడతారు, దాంతో బుడగలు మరీ సన్నగా వచ్చి మీగడలా జారుతుంది, కారం మీద కూడా పెద్దగా చురుక్కుమనదు. మటన్ లివర్ ఫ్రైకి నేనైతే వీట్ కంటే దీన్నే చెప్తాను. ఎవరైనా సంచిలో ఆత్రేయపురం బెల్లం పూతరేకులు తెస్తే ఇంక అడగక్కర్లేదు, కాల్చిన కాఫీ రుచి, బెల్లం, నెయ్యి కలిశాయంటే మాటలుండవు. ఐసు చల్లగా మాత్రం అడగకండి. పది డిగ్రీల దగ్గరకొస్తే గానీ కాఫీ వాసన బయటికి రాదు, మే నెల ఎండల్లో పెరిగిన ప్రాణాలకి ఇది కష్టమే అనుకోండి.

లాగర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఊళ్లో సీసాలో దొరికేదీ ఆ జాతే, తాజాగా ఉంటే బాగుంటుంది. మామిడి బీరు, ఆపిల్ రసంతో చేసే సైడర్ లాంటివి బీరు వద్దనే వాళ్లకి ఇప్పించండి. నూజివీడు రసాలు తిన్న నోటికి ఆ మామిడి బీరు ఆనదు.

నలుగురైదుగురు వెళ్తే ముందు శాంపిలర్ ట్రే చెప్పండి, చిన్న గ్లాసుల్లో అన్నీ వస్తాయి. వీట్‌తో మొదలుపెట్టి, తర్వాత స్టౌట్, చివర్లో ఐపీఏ. ఐపీఏ ముందు తాగితే ఆ చేదు నాలుకని వదలదు, వీట్ చప్పగా నీళ్లలా అనిపిస్తుంది. మధ్యమధ్యలో మంచినీళ్లు తాగండి. ముఖ్యంగా ఈ ట్రే అయ్యేదాకా వెయిటర్‌ని కారం ప్లేట్లు తేవద్దనండి, పల్లీలు కూడా ఉప్పువే. గ్యాంగ్‌లో ఐపీఏనే కావాలని పట్టుబట్టే వాడు ఎలాగూ ఒకడుంటాడు, వాడి ఫుల్ గ్లాసు కూడా అప్పుడే చెప్పేసి, అది సగమయ్యాక రొయ్యలు తెమ్మనండి.