బాష్, జెడ్‌షెల్, ఫిష్: మొరాయించినప్పుడు ఏది మేలు?

లినక్స్‌కు కొత్తగా వచ్చినవారూ, మ్యాక్ కొన్నవారూ అడుగుతున్న ప్రశ్న ఒకటే: మనం కొట్టిన కమాండ్లను అందుకుని నడిపించే షెల్ విషయంలో బాష్‌లోనే ఉండాలా, జెడ్‌షెల్‌కు మారాలా, లేక ఫిష్ పెట్టుకోవాలా? చాలామంది పోల్చేది రంగులనూ, కమాండ్ సగం కొట్టగానే మిగతాది చూపించే సౌకర్యాన్నీ. ఆ లెక్కన ఫిష్‌దే పైచేయి, వాదించడానికేమీ లేదు. నేను మాత్రం వేరే సంగతి చూస్తాను. నిన్నటిదాకా పనిచేసిన కమాండ్ ఈ రోజు ‘దొరకలేదు’ అంటే, తప్పు ఎక్కడుందో ఏ షెల్‌లో తొందరగా పట్టుకోగలం?

బాష్‌ను 1989లో బ్రయన్ ఫాక్స్ గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు కోసం రాశారు. దశాబ్దాలుగా దాని ఆలనాపాలనా చెట్ రేమీ చూస్తున్నారు. దీనిలో అసలు చిక్కంతా మొదలయ్యేటప్పుడు చదివే ఫైళ్లతోనే. లాగిన్ షెల్ (లాగిన్ కాగానే మొదలయ్యేది) అయితే హోమ్ డైరెక్టరీలో బాష్ ప్రొఫైల్, బాష్ లాగిన్, ప్రొఫైల్ అనే మూడింటిని ఆ వరసలో వెతికి, మొదట దొరికిన ఒక్కదాన్నే చదువుతుంది. మామూలు టెర్మినల్ విండో అయితే బాష్‌ఆర్‌సీని చదువుతుంది. ఏదో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు అది చడీచప్పుడు లేకుండా బాష్ ప్రొఫైల్ ఫైలును సృష్టించిందనుకోండి. అప్పటినుంచి ప్రొఫైల్ ఫైలు వంక బాష్ చూడదు. అందులో పాత్‌కు (కమాండ్ల కోసం షెల్ వెతికే డైరెక్టరీల జాబితాకు) చేర్చుకున్న డైరెక్టరీలన్నీ గల్లంతవుతాయి. కొత్త ఫైలులో పాతదాన్ని సోర్స్ చేస్తూ (అంటే చదివి నడపమంటూ) ఒక్క వాక్యం రాస్తే చాలు, కానీ ఈ వరస తెలియనివారు రోజంతా తల పట్టుకుంటారు.

ఇలాంటిదే మరొకటి. సర్వర్‌లోని బాష్‌ఆర్‌సీ మొదట్లో ఎవరో ముచ్చటపడి ‘స్వాగతం’ అని తెరమీద చూపే ఎకో కమాండ్ పెడతారు. లాగిన్ బాగానే అవుతుంది, ఫైళ్లు పంపబోతే మాత్రం ఎస్‌ఎఫ్‌టీపీ ‘సందేశం మరీ పొడవుగా ఉంది’ అంటూ ఆగిపోతుంది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌కు కలిపే పద్ధతి) ద్వారా వచ్చిన పనికి కూడా బాష్ ఆ ఫైలును చదవడం, ఎకో చేసిన అక్షరాలు ఫైలు సమాచారంలో కలిసిపోవడం దీనికి కారణం. ఉబుంటులో బాష్‌ఆర్‌సీ పైభాగాన ‘ఇది ఇంటరాక్టివ్ షెల్ (మనిషి కూర్చుని కమాండ్లు కొట్టేది) కాకపోతే ఇక్కడే ఆగు’ అనే తనిఖీ ఉంటుంది. స్వాగతాలన్నీ దాని కిందే ఉండాలి.

ఇన్ని చిక్కులున్నా వాటిని విప్పే పనిముట్లు బాష్‌లో చేతికందేంత దగ్గరలో ఉన్నాయి. నోఆర్‌సీ, నోప్రొఫైల్ ఆప్షన్లతో తెరిస్తే ఒట్టి షెల్ వస్తుంది. అందులో సమస్య లేదంటే తప్పు మన ఫైళ్లలోనే ఉన్నట్టు. ఎక్స్ ఆప్షన్‌తో తెరిస్తే ప్రతి అడుగూ తెరమీద కనిపిస్తుంది. ఆ అడుగుల ముందు ఏం చూపాలో చెప్పే పీఎస్4 అనే వేరియబుల్‌లో ఫైలు పేరు, లైను నంబరు వచ్చేలా పెట్టుకుంటే ఏ ఫైలులో ఏ లైను పాత్‌ను తుడిచేసిందో వేలుపెట్టి చూపిస్తుంది. స్క్రిప్టులకు (కమాండ్లు రాసిపెట్టుకున్న ఫైళ్లకు) షెల్‌చెక్ ఉంది. అది బాష్‌తోపాటు డాష్, కార్న్ షెల్ అనే మరో రెండు షెళ్ల స్క్రిప్టులను తనిఖీ చేస్తుంది కానీ జెడ్‌షెల్, ఫిష్ జోలికి పోదు. నా దృష్టిలో ఇది చిన్న తేడా కాదు.

జెడ్‌షెల్‌ను 1990లో పాల్ ఫాల్‌స్టాడ్ మొదలుపెట్టారు. 2019లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ కాటలీనా నుంచి మ్యాక్‌లలో ఇదే డిఫాల్ట్. మొదలయ్యే ఫైళ్ల వరస బాష్‌కన్నా తేటగా ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. నెమ్మదిగా తెరుచుకుంటుందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు తప్పు సాధారణంగా షెల్‌ది కాదు, దానిపై పేర్చిన ప్లగిన్లది. జెడ్‌షెల్ మొదలయ్యేటప్పుడు చదివే జెడ్‌ఆర్‌సీ మొదటి లైనులో జెడ్‌ప్రాఫ్ మాడ్యూల్‌ను లోడ్ చేసి, చివరి లైనులో జెడ్‌ప్రాఫ్ అని రాయండి. ఏ ఫంక్షన్ ఎంత సమయం తిన్నదో పట్టికగా వస్తుంది. కమాండ్‌ను పూర్తిచేసి చూపే సౌకర్యాన్ని మొదలుపెట్టే కాంప్‌ఇనిట్‌ను ప్లగిన్ల ఫ్రేమ్‌వర్క్ ఒకసారి, మన ఫైలు ఒకసారి పిలుస్తున్నాయని తరచుగా అక్కడే బయటపడుతుంది.

తెలుగు ఫైలు పేర్లు వాడేవారు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. జెడ్‌షెల్ హిస్టరీ (మనం కొట్టిన కమాండ్ల జాబితా) ఫైలులో కొన్ని బైట్లను మార్చి దాచుకుంటుంది. తెలుగు అక్షరాల్లో చాలావాటికి ఆ బైట్లు వస్తాయి. షెల్ లోపల హిస్టరీ చూస్తే పేర్లు సరిగ్గానే కనిపిస్తాయి, ఆ ఫైలును నేరుగా గ్రెప్ అనే కమాండ్‌తో వెతికితే మాత్రం దొరకవు. బాష్‌లో ఈ బెడద లేదు.

ఫిష్‌కు సెట్టింగులు తక్కువ కాబట్టి చెడేదీ తక్కువే. 2025లో వచ్చిన 4.0 కోసం దాన్ని సీ ప్లస్‌ప్లస్ భాష నుంచి రస్ట్ భాషలోకి తిరగరాశారు. ఇబ్బంది పెట్టేవి దాని యూనివర్సల్ వేరియబుళ్లు. టెర్మినల్‌లో ఒకసారి ఇచ్చిన విలువ అలాగే నిలిచిపోతుంది. కాన్ఫిగ్ ఫైలంతా గాలించినా కనిపించని పాత డైరెక్టరీ పాత్‌లో పాతుకుపోయి ఉంటుంది, ఎందుకంటే అది ఫిష్ వేరియబుల్స్ అనే వేరే ఫైలులో ఉంటుంది. పైగా ఇది పోసిక్స్ (యూనిక్స్ షెళ్ల ఉమ్మడి ప్రమాణం) షెల్ కాదు. బాష్ కోసం రాసిన స్క్రిప్టును సోర్స్ చేయమన్న సూచనలు ఇక్కడ చాలావరకు పారవు.

డాష్‌ను స్క్రిప్టులకు వదిలేయండి, కూర్చుని పనిచేయడానికి కాదు. కార్న్ షెల్ పాత యూనిక్స్ సర్వర్లున్నచోట తప్పదు. నూషెల్ అనే కొత్త షెల్ ఆసక్తికరమైనదే, ఇంకా 1.0కి చేరలేదు.

నా ఓటు బాష్‌కే. ఇంట్లో నేర్చుకున్న మరమ్మతు, ఏమీ ఇన్‌స్టాల్ చేయనివ్వని ఆఫీసు సర్వర్‌లో అర్ధరాత్రి కూడా అక్షరాలా పనికొస్తుంది. అయితే 2014లో బాష్‌లో షెల్‌షాక్ అనే భద్రతా లోపం బయటపడ్డప్పుడు మొదటి ప్యాచ్ చాలక వెంటవెంటనే మరికొన్ని వేయాల్సి వచ్చింది. అప్‌డేట్లు వాయిదా వేసే అలవాటుంటే బాష్ కూడా కాపాడదు. మ్యాక్‌తో వచ్చే బాష్ 2006 నాటి 3.2. అందులో అసోసియేటివ్ అర్రేలు (పేరుతో విలువను దాచుకునే జాబితాలు) లేవు. లినక్స్‌లో నడిచిన స్క్రిప్టు అక్కడ వాటిని ప్రకటించే డిక్లేర్ కమాండ్ దగ్గరే ఆగితే కారణం అదే, హోమ్‌బ్రూ అనే ప్యాకేజీ మేనేజర్ నుంచి కొత్తది తెచ్చుకోండి.

ఫిష్ నచ్చి తీరాలంటే అభ్యంతరం లేదు. లాగిన్ షెల్‌ను మాత్రం మార్చకండి. టెర్మినల్ సెట్టింగుల్లో ఫిష్‌ను తెరవమని చెప్పండి చాలు. అప్‌గ్రేడ్ తరువాత ఫిష్ మొండికేసినా, బాష్‌తో లోపలికి వెళ్లి సరిచేసుకోవచ్చు.