అతికించే హ్యాండిల్ ఊడింది, స్క్రూల హ్యాండిల్ నిలబడింది

బాత్రూమ్‌లో నాన్న పట్టుకుని లేవడానికి ముందు కొన్న హ్యాండిల్ గోడకి అతికించే రకం. డ్రిల్ అక్కర్లేదు, టైల్స్‌కి చిల్లులు పడవు, రబ్బరు కప్పులు నొక్కి లివర్ దించితే చాలు అని రాసుంటే నమ్మేశాను. ఇరవై రోజులు బాగానే ఉంది. ఒక రాత్రి రెండింటికి మా నాన్న (76 ఏళ్ళు) లైటు వేస్తే అమ్మకి మెలకువ వస్తుందని చీకట్లోనే బాత్రూమ్‌కి వెళ్ళి, కమోడ్ మీంచి లేస్తూ దాన్ని పట్టుకుంటే అది చేతిలోకి ఊడొచ్చింది, ఆయన కింద పడ్డారు.

క్యాజువాలిటీలో డాక్టర్ గారు చెయ్యి కంటే ముందు తల సంగతి అడిగారు. తల తగిలిందా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, పడేముందు కళ్ళు తిరిగాయా? స్టెంట్ ఉంది కాబట్టి మాత్రలు వాడుతున్నారు, వెంటనే సీటీ స్కాన్‌కి పంపారు. అదృష్టం, మణికట్టు ఎముక విరగడంతోనే పోయింది. స్కాన్ బాగున్నా ఈ వయసులో తల లోపల రక్తం మెల్లగా చేరొచ్చు, కొన్ని వారాలపాటు తలనొప్పి, మత్తు, తికమక మాటలు ఏం కనిపించినా మళ్ళీ తీసుకురమ్మన్నారు. తన దగ్గరికి దెబ్బలతో వచ్చే పెద్దవాళ్ళలో బండి మీంచి పడ్డవాళ్ళ కంటే ఇంట్లో మంచానికీ బాత్రూమ్‌కీ మధ్య పడ్డవాళ్ళే ఎక్కువట. నాన్న వాడే బీపీ మాత్ర, ప్రోస్టేట్ మాత్ర రెండూ లేచి నిలబడగానే బీపీని దించగలవని కూడా అప్పుడే తెలిసింది. అంటే తప్పంతా హ్యాండిల్‌ది కాదు. అయినా తిడతాను.

ఎందుకంటే ఆ రబ్బరు కప్పు గాలి చొరబడనంత నున్నటి టైల్ మీదే పట్టుకుంటుంది. మావి గరుకు టైల్స్, పైగా ఒక కప్పు అంచు రెండు టైల్స్ మధ్య గీత మీద పడింది. ఈ ముక్క డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

ఇప్పుడున్నది 18 అంగుళాల స్టీలు కడ్డీ, రెండు చివర్లా మూడేసి స్క్రూలు. ఎత్తు టేపుతో కొలవలేదు, నాన్నని కమోడ్ మీద కూర్చోబెట్టి చెయ్యి ఎక్కడ ఆనుతుందో అక్కడ పెన్సిల్ గీత పెట్టి ప్లంబర్‌తో బిగించాం. నా బరువంతా వేసి వేలాడి చూశాను, కదల్లేదు. పట్టు గరుగ్గా ఉంది, తడి చేయి జారట్లేదు. మీది పలచటి పార్టిషన్ గోడైతే మాత్రం ముందు ప్లంబర్‌ని అడగండి.

దీంతోపాటు కొన్న రబ్బరు మ్యాట్ దండగ, నెల తిరక్కుండా అడుగున పాచి పట్టి అదే జారుతోంది, తీసి పారేశాం. మనిషి కదిలితే వెలిగే చిన్న లైటు మాత్రం బాత్రూమ్ దారిలో భలే పనికొస్తోంది.

కడ్డీకి నాలుగు స్టార్లు. కూడా ఇచ్చిన స్క్రూలు పొట్టివి, బయట పొడుగువి కొనాల్సొచ్చింది, అందుకే ఒకటి కోత. అమ్మ దాని మీద తడి తువ్వాళ్ళు ఆరేస్తోంది, రోజూ గొడవ పడుతున్నాను.