ఎర్రచందనం మ్యాపింగ్‌కి ఏది మేలు: ఉపగ్రహమా, డ్రోనా, కాలినడకా?

శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండలు. ఎర్రచందనం తనంతట తాను పెరిగేది ముఖ్యంగా తూర్పు కనుమల ఈ దక్షిణపు కొసలోనే. అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో దీన్ని రెండు మెట్లు కిందికి దించిన అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్, 2021లో మళ్ళీ పైకెక్కించింది. ఏ కోనలో ఏ వయసు చెట్లున్నాయో తెలియకపోతే కాపలా ఎక్కడ పెట్టాలో కూడా తెలియదు. అందుకే మ్యాపు కావాలి. దేనితో గీయాలన్న దగ్గరే పేచీ.

అందరూ ముందు మొగ్గేది ఉపగ్రహం వైపే. ఐరోపా వాళ్ళ సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం, వాటిని తెరిచి చూసే మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ కూడా ఉచితమే. కాకపోతే ఆ చిత్రంలో ఒక్కో చుక్క పది మీటర్లకు పది మీటర్లు, అంటే దాదాపు రెండున్నర సెంట్ల నేల. ఆ కాస్త జాగాలోనే ఎర్రచందనం, చిరుమాను, జాలారి చెట్ల కొమ్మలు కలిసిపోయి ఉంటాయి. ఆకు రాలే వేళల్లో తేడాను బట్టి విడదీద్దామంటే, అక్కడ పక్క చెట్లు కూడా ఎండలు ముదిరేసరికి బోడిగానే నిలబడతాయి.

అసలు మోసం మొద్దుల దగ్గరుంది. నరికిన ఎర్రచందనం మొదలు నుంచి పిలకలు గుబురుగా లేస్తాయి. పైనుంచి చూస్తే పచ్చదనం తిరిగొచ్చినట్టే. చేవ పట్టిన మాను దుంగలై పోయిందనీ, మిగిలింది వేలెడు లావు పిలకలేననీ ఆ చిత్రం చెప్పదు. కార్చిచ్చు కాల్చిన మేర, అడవి పలచబడ్డ చోటు చూపించడంలో మాత్రం దానికి సాటి లేదు.

డ్రోన్ అయితే కొమ్మకొమ్మా విడిగా చూపిస్తుంది. బ్యాటరీ అరగంట నిలిస్తే గొప్ప, పైగా అనుమతుల తలనొప్పి. కొమ్మల కింది మొలకలు దానికీ కనపడవు. నాటిన తోటలకు సరిపోతుంది, కొండ మొత్తానికి చాలదు.

నా ఓటు కాలినడకకే. మొసలి వీపులా పలకలు పలకలుగా చీలిన బెరడు, మూడేసి గుండ్రటి ఆకులు చూస్తే తెలిసినవాళ్ళు తడుముకోరు. 1.37 మీటర్ల ఎత్తులో టేపు చుట్టి చుట్టుకొలత రాసుకోవచ్చు, మొద్దులూ మొలకలూ లెక్కపెట్టొచ్చు. కోన అడుగున ఫోన్ జీపీఎస్ మామూలు కంటే ఎక్కువ తప్పుతుంది. కాసేపు ఒకేచోట నిలబడి రెండు మూడుసార్లు చూసుకుంటే కొంత సర్దుకుంటుంది. దీని అసలు లోపం వేరే. మనుషులు బాట వెంటే నడుస్తారు, దాంతో చెట్ల మ్యాపు కాస్తా బాటల మ్యాపై కూర్చుంటుంది. ఉపగ్రహానికి నేను పని ఇచ్చేది ఇక్కడే: ముందే గళ్ళు గీసి, దట్టమైన చోటా పలచని చోటా కొన్ని గళ్ళు ఎంచి, బాట ఉన్నా లేకపోయినా అక్కడికి మనిషిని పంపాలి. డబ్బు ఒక్కదానికే ఉంటే డ్రోన్ మానేసి, కొండ తెలిసిన స్థానికులకు కూలి కట్టివ్వడం నయం.

ఏ పద్ధతిలో గీసినా ఒక జాగ్రత్త తప్పదు. చెట్టు చెట్టుకీ జీపీఎస్ గుర్తున్న మ్యాపు స్మగ్లర్ చేతిలో పడితే వాడికి వెతుకులాట కూడా మిగలదు. జనం తాము చూసిన చెట్లూ జంతువుల వివరాలు పంచుకునే ఐనాచురలిస్ట్ వంటి వేదికలు ముప్పున్న జాతుల చోటును కావాలనే సుమారు ఇరవై కిలోమీటర్ల గడిలో మసకచేసి చూపిస్తాయి. మనమూ జనానికి అంత పెద్ద గళ్ళే చూపించాలి. అసలు గుర్తుల ఫైలు అటవీశాఖ రేంజి ఆఫీసు దాటకూడదు, వాట్సాప్ గ్రూపులోకి అసలే రాకూడదు.