ఆడ మొక్క గ్యారంటీ: కడియం నుంచి కోరంగి దాకా మూడు రోజులు

కడియంలో మేము కొన్న ఆరు జాజికాయ మొక్కలకు 2,700 రూపాయలు అయ్యాయి. ఒక్కొక్కటి 450 చొప్పున. పక్క వరుసలో అచ్చం అలాంటివే 150కి ఉన్నాయి. మూడు వందల తేడా దేనికని అడిగితే, "అవి ఏవైనా కావచ్చండి, ఇవి మాత్రం ఆడ మొక్కలు, గ్యారంటీ" అన్నాడు నర్సరీ మనిషి. ఇరవై ఆరేళ్లు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినదాన్ని నేను పక్కన నిలబడి ఉండగానే ఈ బేరం కుదిరింది కనుక, ఇకపై రాయబోయేదాంట్లో సగం కోపం అతని మీద, సగం నా మీద అని ముందే ఒప్పుకుంటున్నాను.

సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి నెలాఖరులో, అమ్మా నేనూ మా ఆయనా విశాఖపట్నం నుంచి కారులో బయలుదేరాం. అనకాపల్లి దగ్గర పల్లెలో అమ్మకు అర ఎకరం కొబ్బరి తోట ఉంది. కొబ్బరి నీడలో జాజికాయ బాగా వస్తుందని ఎవరో చెప్పినప్పటి నుంచి ఆమెకు వేరే ధ్యాస లేదు. డెబ్బై ఒక్కేళ్ల మనిషి ఏడేళ్లకు గానీ కాపుకు రాని చెట్టు మీద మనసు పెట్టుకుంటే, వద్దనడానికి నోరు రాదు.

కడియం, కడియపులంక నర్సరీలను చూడడానికి ఒక పూట చాలదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువల్లో పారిన నీళ్లు డెల్టాను వరి దేశంగా మార్చిన కథ అందరికీ తెలిసిందే. ఆ నీళ్ల పక్కనే ఈ మొక్కల ఊళ్లు కూడా పెరిగాయి. అంటు కట్టే చేతుల వేగం చూసి తీరవలసిందే. ఒక మామిడి జీడిమొక్క తల కోసి, కాండాన్ని నిలువునా చీల్చి, ఆ చీలికలో ఉలి మొనలా చెక్కిన పుల్లను దూర్చి, ప్లాస్టిక్ పట్టీ చుట్టి ముడి వేయడానికి ఒకామెకు నిమిషం కూడా పట్టలేదు. రెండు కోతల పచ్చి పొరలు ఒకదానికొకటి తగిలితేనే అంటు బతుకుతుందని నేను పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేదాన్ని. ఆమె ఆ మాట చెప్పకుండానే వేలితో తడిమి చూసుకుంటోంది.

మేము మోసపోయింది అక్కడ కాదు, రోడ్డు వార దుకాణంలో. జాజికాయలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. గింజ నుంచి మొలిచిన మొక్క ఏదో, అది పూసేదాకా చూపుతో చెప్పడం కుదరదు. ఈ సంగతి నాకు తెలుసు. కానీ అతను ఒక ఆకు తుంచి, "ఆకు వెడల్పుగా ఉంటే ఆడది, కోసుగా ఉంటే మగది" అని అమ్మ అరచేతిలో పెట్టేసరికి ఆమె మొహం వెలిగిపోయింది. నేను నోరు తెరవబోతే మా ఆయన మోచేత్తో పొడిచి, "అత్తయ్య సంతోషంగా ఉన్నారు, నువ్వు పాఠం మొదలుపెట్టకు" అన్నారు. అంతే, నేను ఊరుకున్నాను. బిల్లు అడిగితే చిత్తు కాగితం మీద "జాజి 6, ఆడ" అని రాసి ఇచ్చాడు. దుకాణం పేరు లేదు, ముద్ర లేదు.

జొన్నాడ వంతెన దాటి రావులపాలెంలో అరటి గెలల బళ్లు చూస్తూ, కర్పూర చక్కెరకేళి డజను 50కి కొని, చీకటి పడేసరికి అమలాపురం చేరాం. అక్కడి లాడ్జి గురించి కొంత చెప్పాలి. ఫోన్లో ఏసీ గది 1,800 అన్నారు. దిగాక, మూడో మనిషికి పరుపు వేసినందుకు 400 కలిపి 2,200 చేశారు. ఆ పరుపు ఎంత పల్చగా ఉందంటే అమ్మ రాత్రంతా గచ్చు గట్టితనాన్ని కొలిచింది. వేడినీళ్లు ఆరు నుంచి ఎనిమిది దాకానే అని గోడ మీద రాసి ఉంది, ఆ రెండు గంటల్లోనూ వచ్చింది గోరువెచ్చన. ఇవన్నీ క్షమించవచ్చు. నడవాలో మొక్కలు పెట్టుకుంటామంటే, మట్టి పడుతుందని మేనేజరు ససేమిరా ఒప్పుకోలేదు. కుర్రాడి చేత వాటిని డాబా మీదకు చేర్పించాడు. మర్నాడు మేము ఊళ్లు తిరిగి మధ్యాహ్నం మూడింటికి వచ్చి చూసేసరికి, చిన్నప్పుడు నీడ తప్పనిసరి అయిన ఆ మొక్కలు నడిఎండలో నిలబడి ఉన్నాయి. రెండింటి ఆకులు అప్పడాల్లా ముడుచుకుపోయాయి. "తొమ్మిది వందలు ఎండబెట్టావురా నాయనా" అని అమ్మ ఆ కుర్రాడితో అన్న మాటకు వాడు నవ్వాడు గానీ, మా ఆయన ఆ సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. అమలాపురంలో దిగేవాళ్లు గది అద్దె, అదనపు పరుపు కలిపి ఎంతో ముందే వాట్సాప్‌లో రాయించుకోండి.

అదే రోజు ఉదయం అంబాజీపేట వైపు ఒక కొబ్బరి తోటలో, తెలిసినవాళ్ల తెలిసినవాళ్లయిన ఒక రైతు మాకు రెండు గంటలు కేటాయించారు. ఆయన తోటలో కొబ్బరి కింద కోకో, కోకో మధ్యలో ఇరవై దాకా జాజి చెట్లు. అప్పుడే పగిలిన కాయ ఒకటి కోసి అమ్మకిచ్చారు. లేత పసుపు తొక్క నడిమికి చీలి, లోపల నల్లగా నిగనిగలాడే గింజ. దాని చుట్టూ ఎర్రటి వల. ఆ వలే ఎండాక మసాలాలో వేసే జాపత్రి, గింజ లోపలి పప్పు జాజికాయ. ఒకే కాయలో రెండు దినుసులన్నమాట. ఇన్నేళ్లు వంట చేసిన అమ్మకు జాపత్రి వేరే చెట్టు పువ్వు అనే నమ్మకం. వేలితో ఆ ఎర్రపొరను ఒలిచి ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

ఈ గింజ కోసమే డచ్చివాళ్లు ఇప్పటి ఇండోనేషియాలోని బాండా దీవులను రక్తసిక్తం చేశారు. 1667 బ్రెడా ఒప్పందంలో ఇంగ్లీషువాళ్లు అక్కడి రన్ అనే చిన్న దీవిని వాళ్లకు వదులుకుని, మాన్‌హట్టన్‌ను తమ దగ్గరే ఉంచుకున్నారు. ఆ డచ్చివాళ్లే ఇక్కడ పాలకొల్లులోనూ గిడ్డంగి పెట్టి బట్టల వ్యాపారం చేశారు. నేను ఇదంతా చెబుతుంటే రైతు వింటూనే మా మొక్కల సంగతి అడిగారు. ఫోన్లో ఫొటో చూపించాను. ఆయన దాన్ని పెద్దది చేసి, కాండం అడుగున వేలు పెట్టి, "ముడి ఏదండీ? అంటు మొక్కయితే ఇక్కడ మచ్చ ఉండాలి కదా. ఇది గింజ మొక్కే. ఆడదని వాడికి కలలో కనబడిందా?" అన్నారు.

ఆయన తోటలో మొదట గింజ మొక్కలే పెట్టారట. పూతకొచ్చేసరికి దాదాపు సగం మగవి తేలాయి. గుత్తులుగా చిన్న పూలు వేలాడితే మగది, ఒకటో రెండో పూలు విడిగా ఉంటే ఆడదని చూపించారు. మగవాటిలో రెంటిని పరాగం కోసం ఉంచి, తక్కినవాటి తలలు కోసి ఆడ చెట్టు పుల్లలు అంటు కట్టించారు. పక్కకు పోయే కొమ్మ నుంచి తెచ్చిన పుల్ల అంటు కడితే ఆ చెట్టు పొదలా పక్కకే పాకుతుందనీ, నిటారుగా లేచే కొమ్మ పుల్లనే అడిగి తీసుకోవాలనీ కూడా చెప్పారు. పాఠ్యపుస్తకంలో ఆ సంగతి చదివి ఉన్నాను, కానీ ఒకే వయసున్న రెండు చెట్లను, ఒకటి కొబ్బరి మట్టలను అందుకోబోతూ, ఇంకొకటి నా నడుము దగ్గర చతికిలబడి ఉండగా, పక్కపక్కన చూడడం వేరు.

అమ్మ మూతి ముడుచుకుంది. మధ్యాహ్నం భోజనంతో ఆమెను మళ్లీ మామూలు మనిషిని చేసింది, ఒక ముసలి దంపతులు ఇంట్లోనే నడిపే మెస్. మనిషికి 150. కంద బచ్చలి కూర, ఆవ పెట్టిన పనసపొట్టు, మామిడల్లం పచ్చడి, గడ్డ పెరుగు. కందలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, గొంతు దురద వాటి వల్లనే. చింతపండు పులుసులో ఉడికించే పాత పద్ధతి అందుకోసమే. నన్ను ఆపింది మాత్రం ఆవ. వండినావిడ ఆవాలు, ఎండుమిరపకాయ, చన్నీళ్లు పోసి నూరి, పనసపొట్టు పొయ్యి దించి చల్లారాకే ఆ ముద్ద కలిపారు. "వేడిలో కలిపితే ఆవ చచ్చిపోద్దమ్మా" అన్నారు. అక్షరాలా నిజం. ఆవగింజలో ఘాటు సిద్ధంగా ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, దాన్ని విడగొట్టే మైరోసినేజ్ అనే ఎంజైమ్ మరోచోట ఉంటాయి. నీళ్లతో నూరినప్పుడే అవి కలిసి, ముక్కుకెక్కే ఆ ఘాటు పుడుతుంది. మరిగే వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది, పుట్టిన ఘాటు ఆవిరైపోతుంది. పురుగు కొరికినప్పుడు దాన్ని తరమడానికి మొక్క దాచుకున్న ఆయుధాన్ని, ఈవిడ కూరకు రుచిగా మలచారు. మా ఆయన రెండోసారి వడ్డించుకుని కళ్లు తుడుచుకున్నారు. ఈ పర్యటనలో ఖర్చుకు తగ్గ విలువ ఎక్కడైనా దొరికిందంటే ఈ 450 రూపాయల దగ్గరే.

మూడో రోజు ముమ్మిడివరం దాటాక ఒక ముసలమ్మ తేగలు అమ్ముతోంది, పది తేగల కట్ట 60. తాటి టెంక మొలిచినప్పుడు మొలక పైకి రాదు. పిండాన్ని మోసుకుంటూ భూమిలోకి దిగి, అక్కడ పిండి నింపుకుని లావెక్కుతుంది. దాన్ని ఆకు రాకముందే తవ్వి కాలిస్తే తేగ. చీల్చి నడిమి చందమామను ముందు అమ్మకే ఇచ్చింది. తాడి కూడా పోతు, పెంటి వేరువేరుగా ఉండే చెట్టే కనుక, పెంటి తాడి మొలక ఏదో గుర్తుపట్టగలవా అని అమ్మ అడిగింది. "పదిహేనేళ్లు ఆగితే తెలుస్తాదండీ. ముంజెలు కాస్తే పెంటిది, కాయకపోతే పోతుది. ముందే చెప్పేవోడు ఎవడున్నాడండీ?" అంది ముసలమ్మ. అమ్మ నా వైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

యానాంలో టీ తాగి ముందుకు సాగాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరు కనుక, డచ్చివాళ్ల కళ్లు కప్పి జాజికాయ మొక్కలను 1770లో మారిషస్‌కు రప్పించిన ఫ్రెంచి అధికారి పియేర్ ప్వావ్ర్ గుర్తొచ్చాడు. ఇంటిపేరుకే మిరియమని అర్థం ఉన్న ఆ మనిషి కూడా ఆడా మగా చూసుకుని తెప్పించి ఉండడని మా ఆయన తీర్మానించారు.

కోరంగి మడ అడవిలో చెక్క వంతెన మీద నడక హాయిగా ఉంది. వేళ తెలుసుకుని, నీళ్లు తీసిన సమయానికి వెళితే బురదలోంచి మేకుల్లా లేచిన శ్వాసవేర్లు కనిపిస్తాయి. మాతో వచ్చిన సిబ్బంది మనిషి తెల్లమడ ఆకు మీద వేలు రాసి నాలుకకు తగిలించుకోమన్నాడు. ఉప్పు. తాగిన ఉప్పునీటిలోంచి ఉప్పును ఆ చెట్టు ఆకు మీదకే వెళ్లగొడుతుంది. ఉప్పుపొన్న దగ్గర, పెన్నుల్లా పొడవుగా వేలాడుతున్నవి కాయలు కాదనీ, తల్లి చెట్టు మీదే మొలకెత్తిన పిల్లలనీ, పెరిగాకే రాలతాయనీ చెప్పాడు. "కాన్పు పుట్టింట్లోనే చేసి పంపుతోంది, తెలివైన తల్లి" అంది అమ్మ. ఆ తర్వాత తిల్ల చెట్టును దూరం నుంచే చూపిస్తూ, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదమన్నాడు. దీనిలోనూ ఆడా మగా వేరనీ, పూత వచ్చినప్పుడే తేలుతుందనీ మాటవరసకు అన్నాడు. మా ఆయన ఎంతో గంభీరంగా, "గ్యారంటీ ఎంతకిస్తారు?" అని అడిగారు. పాపం, అతనికి అర్థం కాలేదు.

ఇల్లు చేరాక నర్సరీకి ఫోన్ చేశాను. కేకలు వేయాలనే చేశాను. అతను ఏమాత్రం తొణకకుండా, "పూసినప్పుడు ఫోన్ చేయండి మేడమ్, మగదైతే మార్చి ఇచ్చేస్తాం" అన్నాడు. బతికిన నాలుగు మొక్కలను అమ్మ కొబ్బరి నీడలో పాతించింది. "జాజి 6, ఆడ" అని రాసిన ఆ చిత్తు కాగితాన్ని నేను పారేయబోతే లాక్కుని, తన ఎల్‌ఐసీ బాండ్లు ఉండే కవరులో జాగ్రత్తగా దాచుకుంది.