ఆన్‌లైన్ స్కూల్లో కౌన్సెలింగ్ ప్యాకేజీ తీసుకున్నాం, ఏడాదిన్నర వాడాక రాస్తున్నా

మా అమ్మాయి బ్యాడ్మింటన్ ఆడుతుంది. పొద్దున ఐదున్నరకి కోర్టులో ఉండాలి, మళ్ళీ సాయంత్రం నాలుగింటికి. 2024లో పది పాసయ్యాక అందర్లాగే మేము కూడా కార్పొరేట్ కాలేజీలో బైపీసీలో చేర్పించాం, రెండు నెలలు కూడా నడవలేదు, స్టడీ అవర్స్‌కి బదులు ప్రాక్టీస్‌కి పంపమంటే కుదరదన్నారు, పిల్ల ఒకరోజు బస్సులో ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి బ్యాగ్ అక్కడ పడేసి ఇంక వెళ్ళను అంది. ఆ టైంలో నాకూ మా ఆయనకీ కాళ్ళూ చేతులూ ఆడలేదు. అలా తెలిసినవాళ్ళు చెబితే ఒక ఆన్‌లైన్ స్కూల్లో చేర్చాం. పేరు ఇక్కడ రాయట్లేదు, ఎందుకంటే కింద కొన్ని కంప్లైంట్లు కూడా ఉన్నాయి.

వాళ్ళ దగ్గర రెండు రకాలు ఉన్నాయి. ఒకటి క్లాసులు మాత్రమే, రెండోది క్లాసులతో పాటు కౌన్సెలింగ్, అకడమిక్ ప్లానింగ్. మేం రెండోది తీసుకున్నాం, ఏడాదికి 22 వేలు, పరీక్ష పెట్టే ఓపెన్ స్కూల్ బోర్డు ఎన్ఐఓఎస్ ఫీజు వేరే. ఈ రివ్యూ ఆ రెండో దాని గురించే. క్లాసులు బానే ఉంటాయి, వాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అలాంటివి యూట్యూబ్‌లో కూడా దొరుకుతాయి. మా పిల్లకి దొరకనిది ఏంటంటే ఏది ఎప్పుడు చదవాలి, ఏ పరీక్ష ఎప్పుడు రాయాలి అని పక్కన కూర్చుని చెప్పే మనిషి.

అడ్మిషన్ టైంలో ఫోన్ చేసినతను 'మా స్కూల్ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది మేడమ్' అన్నాడు. అది తప్పు. సర్టిఫికెట్ ఇచ్చేది స్కూల్ కాదు, ఎన్ఐఓఎస్, అంటే కేంద్ర ప్రభుత్వం కింద నడిచే ఓపెన్ స్కూలింగ్ బోర్డు. ఈ ముక్క మొదటి కాల్‌లోనే మాకు అర్థమయ్యేలా చెప్పింది కౌన్సెలర్ మేడమే. మేము చదువు చెప్తాం, పరీక్ష పెట్టేది వాళ్ళు, ప్రాక్టికల్స్ స్టడీ సెంటర్‌కి వెళ్ళే చేయాలి, ఇంట్లో కూర్చుంటే అవ్వవు అని ముందే చెప్పేసింది. ఆ రోజే నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

మొదటి ప్లానింగ్ సెషన్ గంటన్నర పట్టింది. ముందు పిల్లతో ఒక్కదానితోనే మాట్లాడతానంది, మమ్మల్ని గదిలోంచి వెళ్ళమంది. తర్వాత మా ముగ్గురితో. టోర్నమెంట్ల క్యాలెండర్ అడిగి, కోచ్ ఇచ్చిన షెడ్యూల్ ఒక షీట్‌లో పెట్టి, దాని చుట్టూ చదువు పేర్చింది. ఇప్పటిదాకా మేము చదువు చుట్టూ ఆట పేర్చాలని చూశాం, అక్కడే అంతా ఇరుక్కుపోయింది. ఎన్ఐఓఎస్‌లో పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబర్-నవంబర్‌లో ఒకసారి. అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు, రిజిస్ట్రేషన్ ఐదేళ్ళు ఉంటుంది, తొమ్మిది ఛాన్సులు ఉంటాయి. కానీ పది పాసైన రెండేళ్ళకి గానీ ప్లస్ టూ సర్టిఫికెట్ ఇవ్వరు. ఇవన్నీ లెక్కేసుకుని 2025 అక్టోబర్‌లో ఇంగ్లీష్, సైకాలజీ, 2026 ఏప్రిల్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ అని విడగొట్టింది.

సైకాలజీ ఎందుకంటే, మా అమ్మాయి మూడో గేమ్‌లోకి వెళ్తే చేతులు వణుకుతాయి, ఆ విషయం తనే మేడమ్‌తో చెప్పుకుంది, మాకు ఎప్పుడూ చెప్పలేదు. 'నీ గురించి నువ్వు చదువుకున్నట్టు ఉంటుంది రా' అందట. బయాలజీ మాత్రం వదలొద్దంది. పిల్ల సైన్స్ మొత్తం తీసేసి ఆర్ట్స్ తీసుకుంటానని పట్టుబట్టింది, మా ఆయన సరేలే అనేశారు కూడా. రేపు ఆట ఆపేయాల్సొస్తే ఫిజియోథెరపీ వైపు వెళ్ళాలనిపించొచ్చు, అప్పుడు బయాలజీ లేకపోతే దారే ఉండదు, కష్టమైనా ఉంచుకో అని ఆవిడ చెప్పిన తీరుకి పిల్ల తనంతట తనే ఒప్పుకుంది. మేం చెబితే వినేది కాదు.

మా అత్తగారు మాత్రం ఓపెన్ స్కూల్ అంటే ఫెయిలైనవాళ్ళు చదివేది, రేపు నీట్ కూడా రాయనివ్వరు అని నెలంతా బుర్ర తినేశారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, 2018లో ఓపెన్ స్కూల్ పిల్లలకి నీట్ లేదన్నారు నిజమే, ఆ రూల్‌ని ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది కొట్టేసింది, 2024 మార్చిలో సుప్రీంకోర్టులో కూడా రాయొచ్చనే తేలింది. కౌన్సెలర్ మేడమ్ మా అత్తగారికి స్పీకర్‌లో ఓపిగ్గా ఇదంతా తెలుగులో చెప్పింది, 'అమ్మా మీ మనవరాలికి ఏ తలుపూ మూయలేదు' అని. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ గోల లేదు.

ఇంక కౌన్సెలింగ్ సంగతి. వారానికి ఒక కాల్, ఇరవై ఐదు నిమిషాలు, గురువారం మధ్యాహ్నం. మూడు నెలలయ్యాక ఒకసారి మేడమ్ నాకు విడిగా ఫోన్ చేసి, పిల్ల రెండు వారాలుగా కెమెరా పెట్టట్లేదు, ఒక్క మాటలో జవాబిస్తోంది, ఇంట్లో ఎలా ఉంది అనడిగింది. నేను గమనించనే లేదండి, అలసిపోయి పడుకుంటోంది అనుకున్నా. తీరా చూస్తే దాని పాత ఫ్రెండ్స్ అందరూ కాలేజీలో కొత్త గ్రూపులు కట్టేసుకున్నారు, ఇది ఇంట్లో ఒక్కతే లాప్‌టాప్ ముందు. ఆన్‌లైన్ చదువులో ఈ ఒంటరితనం గురించి ఎవరూ ముందు చెప్పరు. మేడమ్ అదే స్కూల్లో హైదరాబాద్‌లోనే ఉన్న నలుగురు పిల్లల్ని కలిపి ఆదివారం చదువు గ్రూప్ పెట్టించింది, మా దగ్గర్లోని లైబ్రరీలో కలుసుకుంటారు. రాత్రిపూట మరీ దిగులుగా ఉంటే టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యమని 14416 నంబర్ కూడా రాసిచ్చింది, అది ప్రభుత్వానిది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. నేను థెరపిస్ట్‌ని కాదు, నా పరిధి ఇంతవరకే అని తనే చెప్పింది, అది నాకు చాలా నచ్చింది.

బాగోని విషయాలు. ఏడు నెలలకి ఆ మేడమ్ మానేశారు, మాకు వారం ముందు ఒక మెసేజ్ పెట్టారంతే. కొత్తగా వచ్చినావిడకి దాదాపు అరవై మంది పిల్లలట, రెండు గురువారాలు కాల్ రానేలేదు. అదే టైంలో టీఎంఏ, అంటే థియరీ మార్కుల్లో 20 శాతం ఉండే అసైన్‌మెంట్, దాని గడువు నాలుగు రోజుల్లో ఉందని మాకెవరూ గుర్తు చేయలేదు, పాత మేడమ్ రాసిపెట్టిన షీట్ చూసి నేనే పట్టుకున్నా, పిల్ల రెండు రాత్రులు కూర్చుని పూర్తి చేసింది. కంప్లైంట్ పెడితే ఐదు రోజులకి జవాబొచ్చింది. తర్వాత సర్దుకుంది, కొత్తావిడ కూడా మంచిదే, కానీ ఆ నెల మాత్రం నేను చాలా బాధపడ్డా. డబ్బు కట్టింది ఆ మనిషి కోసమే కదా.

మీరు తీసుకోవాలనుకుంటే డెమో క్లాస్ చూసి ఆగిపోకండి, కౌన్సెలర్‌తో ఒక కాల్ అడగండి. ఒక్కరి కింద ఎంతమంది పిల్లలున్నారు, మానేస్తే ప్లాన్ ఎవరి చేతికి వెళ్తుంది, స్టడీ సెంటర్‌తో మాట్లాడేది వాళ్ళా మనమా, ఇవి కచ్చితంగా అడగండి. సైన్స్ గ్రూప్ అయితే థియరీ, ప్రాక్టికల్ విడివిడిగా పాసవ్వాలి కాబట్టి ప్రాక్టికల్స్ గురించి మరీ గట్టిగా అడగండి. ప్లాన్ షీట్ కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, మమ్మల్ని కాపాడింది అదే. తనంతట తను చదువుకునే పిల్లలకి, ఇంట్లో ఎవరైనా రోజూ చూసుకోగలిగినవాళ్ళకి ఈ ప్యాకేజీ అక్కర్లేదు, ఉత్త క్లాసులు చాలు. ఆటలు, డ్యాన్స్, సంగీతం ఉన్న పిల్లలకి, కాలేజీ మధ్యలో మానేసి భయపడి ఉన్నవాళ్ళకి మాత్రం తీసుకోమనే చెప్తా.

నేనైతే ఐదుకి నాలుగు ఇస్తా, ఆ ఒక్కటి కోసింది కౌన్సెలర్ మారినప్పుడు పట్టించుకోనందుకు. ఇంగ్లీష్‌లో 71, సైకాలజీలో 78 వచ్చాయి. రెండో ఏడాదికి కూడా కట్టేశాం. ఏప్రిల్ పేపర్లు మూడూ అయ్యి రిజల్ట్ వచ్చాక ఇక్కడే కింద రాస్తా.