హెచ్‌ఓ కొనాలా, ఎన్‌ కొనాలా? బరంపురం నుంచి గుణుపురం దాకా మన ఇళ్లకు ఏది మేలు

బొమ్మ రైళ్ల పిచ్చి పట్టినవాళ్లు చాలామంది ముందు ఇంజను కొంటారు, తర్వాత పట్టాలు కొంటారు, ఆఖరున బల్ల ఎక్కడ వేయాలా అని ఇల్లంతా తిరుగుతారు. లెక్క వేయాల్సింది అటు నుంచి కాదు. ముందు గది, తర్వాత బోగీ పొడవు, ఇంజను అన్నిటికన్నా ఆఖరు. బరంపురంలోనైనా, పర్లాకిమిడిలోనైనా, రాయగడలోనైనా దీనికోసం పది బై పది గది ఒకటి దొరికితే గొప్పే. అందులోనూ మంచం, బీరువా ఉండనే ఉంటాయి. ఆ గదినే మనసులో పెట్టుకుని హెచ్‌ఓ, ఎన్‌ అనే ఈ రెండు బొమ్మ రైలు సైజులనూ తూచి చూద్దాం. మూడో దారి కూడా ఒకటుంది. పర్లాకిమిడి వాళ్లకు అదే అసలు దారి.

హెచ్‌ఓ అంటే అసలు రైలులో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఎన్‌ అంటే 160వ వంతు, పట్టాల మధ్య 9 మి.మీ. జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ తొమ్మిది అనే మాటకు మొదటి అక్షరమే దాని పేరయింది. జపాన్‌వాళ్ల ఎన్‌ మామూలు బళ్లు 150వ వంతులో, బ్రిటన్‌వి 148వ వంతులో ఉంటాయి. పట్టా మాత్రం అదే 9 మి.మీ. హార్న్‌బీ వంటి బ్రిటన్ కంపెనీల ‘ఓఓ’ బళ్లు హెచ్‌ఓ పట్టా మీదే నడుస్తాయి కానీ అవి 76వ వంతు. హెచ్‌ఓ బోగీ పక్కన పెడితే ఎత్తులోనే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మన బ్రాడ్‌గేజ్‌ 1676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.3, 160తో భాగిస్తే 10.5 రావాలి. రెండు సైజుల పట్టాలూ విదేశాల 1435 మి.మీ. గేజుకు చేసినవే కాబట్టి రెండింటిలోనూ మన బండి కింద పట్టా సుమారు ఏడో వంతు ఇరుకుగానే ఉంటుంది. ఈ లోపంలో ఎవరికీ గెలుపు లేదు.

బోగీ పొడవే తీర్పు చెబుతుంది

ఐసీఎఫ్‌ (చెన్నై కర్మాగారపు మామూలు ప్రయాణికుల) బోగీ బఫర్లతో కలిపి 22.3 మీటర్లు. హెచ్‌ఓలో అది 256 మి.మీ., ఎన్‌లో 139. డబ్ల్యూఏపీ-7 కరెంటు ఇంజను 20.56 మీటర్లు, అంటే హెచ్‌ఓలో 236, ఎన్‌లో 128. పది బోగీల ఎక్స్‌ప్రెస్‌ కట్టాలంటే హెచ్‌ఓలో 2.8 మీటర్లు కావాలి, గది గోడ మొత్తం అయిపోతుంది. ఎన్‌లో మీటరున్నర చాలు.

మలుపు దగ్గర ఈ తేడా ఇంకా ముదురుతుంది. పొడవాటి బోగీ పట్టా తప్పకుండా తిరగాలంటే వంపు అర్ధవ్యాసం బోగీ పొడవుకు రెండింతలైనా ఉండాలి. చూడ్డానికి బాగుండాలంటే మూడింతలు. హెచ్‌ఓ సెట్లలో వచ్చే పట్టా 18 అంగుళాల అర్ధవ్యాసం, అంటే 457 మి.మీ. 256 మి.మీ. బోగీకి అది రెండింతలు కూడా కాదు. ఆ వంపులో బోగీ మధ్యభాగం లోపలికి, కొసలు బయటికి పొడుచుకొస్తాయి. బోగీలను కలిపే కొక్కేన్ని, అంటే కప్లింగ్‌ను, బోగీ అడుగుకే బిగించి ఉంటే అది పక్క బోగీని లాగి పట్టా దింపేస్తుంది. చక్రాల ట్రక్కుకు బిగించిన కప్లింగ్‌ అయితే కొంత ఓర్చుకుంటుంది. అందుకని మన బోగీలు నడిపే హెచ్‌ఓకు 22 అంగుళాల వంపే కనీసం అనుకోండి. 8 బై 4 ప్లైవుడ్‌ మీద 22 అంగుళాల గుండ్రం వేస్తే అటూఇటూ అంచుకు రెండేసి అంగుళాలే మిగులుతాయి. అంచున బీడింగ్‌ కొట్టకపోతే పట్టా తప్పిన ఇంజను నేరుగా గచ్చు మీదికే.

ఆ 8 అడుగుల బల్ల మీద రెండు వంపులూ పోగా మిగిలే తిన్నటి దారి 1.2 మీటర్లు. స్టేషన్లో ఇంజనుతో పాటు మూడు బోగీలు ఆగుతాయి. నాలుగోది వంపులోకి పోతుంది. మూడు బోగీలతో కోరమండల్‌ అంటే ఎవరు నమ్ముతారు?

ఎన్‌కు ప్లైవుడ్‌ షీటు కూడా అక్కర్లేదు. హార్డ్‌వేరు దుకాణంలో దొరికే 7 బై రెండున్నర అడుగుల ఫ్లష్‌ డోరు చాలు. తేలిక, వంగదు, నిలబెట్టి మంచం వెనక్కి తోసేయవచ్చు. జపాన్‌ కంపెనీ కాటో అమ్మే యూనిట్రాక్‌ పట్టాల్లో 282, 315 మి.మీ. వంపులు 33 మి.మీ. ఎడంతో పక్కపక్కనే కూర్చుంటాయి. బయటి గుండ్రానికి 655 మి.మీ. వెడల్పు చాలు, తలుపు వెడల్పు 762. డబుల్‌ లైను వచ్చేస్తుంది. తిన్నటి దారి 1.4 మీటర్లు, ఇంజనుతో పాటు ఎనిమిది బోగీలు హాయిగా నిలబడతాయి.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. మనిషి చెయ్యి రెండున్నర అడుగులకు మించి అందదు. 4 అడుగుల బల్లను గోడకు ఆనిస్తే అవతలి అంచున పడిన బోగీ తీయడానికి బల్ల ఎక్కాలి. రెండు వైపులా నడిచే దారి వదిలితే గది అక్కడికి సరి. తలుపు బల్లకు గోడ అడ్డం కాదు.

చోటు లెక్కలో ఎన్‌ తిరుగులేని గెలుపు. కానీ చోటొక్కటే చూసి ఎన్‌కు పోయి, ఏడాదికే అమ్మేసేవాళ్లున్నారు. ఎందుకంటారా?

మన బండి ఎక్కడ దొరుకుతుంది

నీలం ఐసీఎఫ్‌ బోగీలు, మన కరెంటు, డీజిలు ఇంజన్లు తయారుగా దొరికేది ఎక్కువగా హెచ్‌ఓలోనే. పింక్‌ కుల్ఫీ వంటి దేశీ అమ్మకందారులు ఆ సైజులోనే పని చేస్తున్నారు. ఎన్‌లో నాణ్యత, నున్నటి నడక కావాలంటే కాటో, టోమిక్స్‌ వంటి జపాన్‌ కంపెనీలే, కానీ బళ్లు కూడా జపాన్‌వే. ఎన్‌లో మన డబ్ల్యూఏజీ-9 గూడ్సు ఇంజను కావాలంటే త్రీడీ ప్రింటు పైతొడుగు తెప్పించుకుని, పొడవు దగ్గరగా సరిపడే కాటో చట్రం మీద కూర్చోబెట్టి, రంగు మనమే వేసుకోవాలి. ప్రింటు గీతలు పోయేలా 400, ఆ తర్వాత 800 నంబరు ఎమెరీతో తడిపి రుద్దాలి. ఈ పని సరదా అనుకునేవారికి ఎన్‌. పెట్టె తెరిచి మన బండి చూసుకోవాలనుకునేవారికి హెచ్‌ఓ.

గూడ్సు ప్రియులకు మాత్రం హెచ్‌ఓ అంత భారం కాదు. పైకప్పు లేని బాక్స్‌ఎన్‌ వ్యాగన్‌ 10.7 మీటర్లే, హెచ్‌ఓలో 123 మి.మీ. అది 18 అంగుళాల వంపులో కూడా ఇబ్బంది పెట్టదు. కోరాపుట్‌ మీదుగా ఇనుప రాయి మోసే కిరండూల్‌ లైను బండిని ఎనిమిది వ్యాగన్లతో చూపించినా కంటికి నిండుగా ఉంటుంది. ఘాటు ఎక్కించాలనుకుంటే వాలు నూటికి రెండున్నర ప్రాంతంలోనే ఉంచండి. హెచ్‌ఓలో 457 మి.మీ. వంపు ఒక చుట్టుకు 2.87 మీటర్లు, అందులో 75 మి.మీ. ఎక్కితే నూటికి 2.6. ఎన్‌లో 315 మి.మీ. వంపు చుట్టుకు 1.98 మీటర్లు, 50 మి.మీ. ఎక్కితే నూటికి రెండున్నర. ఇక్కడ రెండూ సమానమే.

బరువు, మురికి, ఉప్పుగాలి

ఇంజను పట్టా నుంచి కరెంటు తీసుకునేది చక్రాల తాకిడితోనే. బండి ఎంత బరువుంటే తాకిడి అంత గట్టిగా ఉంటుంది. అమెరికా రైలు నమూనాల సంఘం లెక్కన హెచ్‌ఓ ఐసీఎఫ్‌ బోగీ దాదాపు 165 గ్రాములు ఉండాలి, ఎన్‌ బోగీ 36 గ్రాములే. అదే పట్టా మీద అదే మురికి ఉన్నా ఎన్‌ ఇంజను ముందు ఆగుతుంది. బండి దారి మార్చే పాయింట్ల మధ్యలో కరెంటు లేని ప్లాస్టిక్‌ ముక్క ఉంటే పొట్టి ఎన్‌ ఇంజను దాని మీదే నిలబడిపోతుంది. బ్రిటన్‌ పట్టాల కంపెనీ పెకోలో, ఆ మధ్య ముక్కకూ కరెంటు ఇవ్వగలిగే ఎలక్ట్రోఫ్రాగ్‌ లేదా యూనిఫ్రాగ్‌ పాయింట్లు తీసుకోండి. కాటో 4వ నంబరు పాయింటు మీద పట్టా తప్పడం అందరికీ తెలిసిన తలనొప్పి. చోటుంటే మలుపు తక్కువుండే 6వ నంబరే వేయండి. హెచ్‌ఓ ఇంజనులో కాస్త కరెంటు దాచుకునే కెపాసిటర్‌ పెట్టే చోటు ఉంటుంది కాబట్టి క్షణం కరెంటు పోయినా లాక్కుపోతుంది. ఎన్‌లో ఆ చోటు అరుదు.

గోపాల్‌పూర్‌ గాలి తగిలే ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఏ సైజైనా స్టీలు పట్టా కొనకండి, ఒక్క వర్షాకాలానికే తుప్పు పడుతుంది. నికెల్‌ సిల్వర్‌ పట్టాయే తీసుకోండి. పేరులో వెండి ఉంది గానీ లోపల ఉన్నది రాగి, నికెల్‌, జింకు. తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్‌ ఆల్కహాల్‌, నూలు గుడ్డ చాలు. గరుకు కాగితంతో రుద్దితే పడే గీతల్లో మురికి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ప్లాస్టిక్‌ చక్రాలు నల్లటి జిడ్డును పట్టా పొడవునా పూస్తాయి. బోగీలకు లోహపు చక్రాలు మార్చేస్తే సగం బాధ తగ్గుతుంది.

బల్లకు ఐఎస్‌ 710 ముద్ర ఉన్న మెరైన్‌ ప్లై వాడండి. ఎండీఎఫ్‌ ముసురుకు ఉబ్బి పాయింట్లను వంచేస్తుంది. ఫ్లష్‌ డోరుకైనా ప్లైకైనా రెండు వైపులా, అంచులకు కూడా రంగు వేయాలి. ఒక వైపే వేస్తే తేమ రెండో వైపు నుంచి ఎక్కి చెక్క విల్లులా వంగుతుంది. పట్టాల అతుకుల దగ్గర మీటరుకొకచోట అర మిల్లీమీటరు సందు వదలండి. ఏప్రిల్‌ ఎండకు రేకుల గదిలో సందు లేని పట్టా పాములా మెలి తిరుగుతుంది.

కంకర విషయంలో గంజాం వాళ్లకు ప్రత్యేక హెచ్చరిక. సముద్రపు ఇసుక తేవద్దు. ఉప్పు ఒక కారణం. రెండోది ఇంకా పెద్దది. ఛత్రపురం దగ్గర ప్రభుత్వ ఖనిజ సంస్థ ఐఆర్‌ఈఎల్‌ కర్మాగారం తవ్వేది ఆ తీరపు ఇసుకలోని ఇల్మెనైట్‌ ఖనిజాన్నే. అయస్కాంతానికి లొంగే ఆ నల్ల రేణువులు పట్టా పక్కన ఉంటే ఇంజను మోటారు వాటిని లోపలికి లాక్కుంటుంది, పళ్లచక్రాలు అరిగిపోతాయి. నది ఇసుకైనా సరే కడిగి, ఆరబెట్టి, కాగితం మీద పరిచి బలమైన అయస్కాంతం తిప్పండి. ఏమీ అంటుకోని దాకా తిప్పాలి. 50 మి.మీ. కంకర హెచ్‌ఓలో 0.6 మి.మీ., ఎన్‌లో 0.3. హెచ్‌ఓకు మామూలు పిండి జల్లెడ చాలు. ఎన్‌కు పల్చటి వాయిలు గుడ్డలోంచి జల్లించాలి. ఎన్‌లో రవ్వంత పెద్ద రేణువు పట్టా లోపలి అంచుకు అంటుకున్నా చక్రం ఎక్కి పడుతుంది.

చిన్నపిల్లలుంటే మాట పొడిగించక్కర్లేదు, హెచ్‌ఓనే. ఎన్‌ బోగీని పట్టా మీద కూర్చోబెట్టడం వాళ్ల వేళ్లకు కుదరదు. చత్వారం వచ్చినవారికీ అంతే.

మూడో దారి: 9 మి.మీ. పట్టా, 87వ వంతు బండి

1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి, 1931 నాటికి గుణుపురానికి నడిచిన పర్లాకిమిడి లైట్‌ రైల్వే గేజు రెండున్నర అడుగులు, అంటే 762 మి.మీ. దాన్ని 87తో భాగించండి: 8.76. ఎన్‌ పట్టాకు పావు మిల్లీమీటరు తేడా! బ్రాడ్‌గేజ్‌ను ఏ సైజులో వేసినా ఏడో వంతు తప్పు వస్తుంటే, మన చిన్న లైను మాత్రం అచ్చంగా సరిపోతుంది. దీన్ని హెచ్‌ఓఈ అంటారు. ఆస్ట్రియాలో 760 మి.మీ. లైన్లు చాలా ఉండటంతో రోకో, లిలిపుట్‌ కంపెనీలు ఈ సైజులో ఇంజన్లు చేశాయి.

బోగీలు పొట్టివి, 249 మి.మీ. వంపు చాలు, రెండున్నర అడుగుల తలుపు మీదే బండి హెచ్‌ఓ అంత పెద్దగా కనిపిస్తుంది. మనుషులు, ఇళ్లు, ఎడ్లబండ్లు హెచ్‌ఓవే వాడుకోవచ్చు. చిక్కులూ ఉన్నాయి. మామూలు ఎన్‌ పట్టా స్లీపర్లు మరీ చిన్నవి, మరీ దగ్గర. ఒకటి విడిచి ఒకటి కోసేయాలి, లేదా మట్టిలో పూడ్చేయాలి. పెకో ‘ఓఓ-9’ పట్టా అయితే ఆ బాధ లేదు. ఇంజనుకు కాటో చిన్న మోటారు చట్రం తీసుకుని, 1 మి.మీ. స్టైరీన్‌ ప్లాస్టిక్‌ షీటుతో పైభాగం కట్టుకోవాలి. ఎన్‌ చట్రాలు గబగబా పరిగెడతాయి. వోల్టేజి తగ్గించి నడపాలి. మన రెండున్నర అడుగుల బోగీలు పట్టాకు దాదాపు మూడింతల వెడల్పు, అందుకే తల బరువై పక్కకు పడతాయి. వల జాలర్లు వాడే సీసం గుండ్లు బోగీ అడుగున అంటించండి. ఫెవికాల్‌తో మాత్రం కాదు. ఆ తెల్ల జిగురు సీసంతో కలిసి ఏడాది రెండేళ్లలో ఉబ్బి బోగీని చీలుస్తుంది. అరల్డైట్‌ వాడండి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

మా తూకం ఇది. పెట్టె విప్పగానే మన ఎక్స్‌ప్రెస్‌ కావాలి, 8 బై 4 బల్లకు రెండు వైపులా నడిచే చోటుంది అంటే హెచ్‌ఓ. పొడవాటి బండి గుండ్రంగా తిరగడమే ఆనందం, జపాన్‌ బండైనా ఫర్వాలేదు అంటే ఎన్‌. గజపతి, గుణుపురం వైపు వారికి, చేతిపని మీద మక్కువ ఉంటే, హెచ్‌ఓఈ మిగతా రెండింటికన్నా పైన.

పాత సామాను కొనేటప్పుడు రెండు చూసుకోండి. జర్మన్‌ కంపెనీ మార్‌క్లిన్‌ హెచ్‌ఓ మూడో పట్టా పద్ధతి మీద నడిచేది. దాని చక్రాలకు ఇన్సులేషన్‌ ఉండదు కాబట్టి మామూలు రెండు పట్టాల డీసీ లైను మీద పెట్టగానే షార్ట్‌ అవుతుంది. జపాన్‌ నుంచి వచ్చిన పవర్‌ ప్యాక్‌ 100 వోల్టులది. మన 230 వోల్టుల సాకెట్లో పెడితే పొగ తప్ప ఇంకేమీ రాదు. 230 నుంచి 100కు దించే ట్రాన్స్‌ఫార్మర్‌ చేతికొచ్చేదాకా దాన్ని పెట్టెలోంచే తీయకండి.